టెలివిజన్ తెరపై నిశ్చలచిత్రము

కుటుంబ ఛాయాచిత్రములను ఆల్బములో తిరగవేయుటకు బదులు, ఇంటిల్లిపాదీ కూర్చుండి టెలివిజన్ తెరపై చూడవచ్చుననే ఆలోచనతో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీ 1990లో ఫోటో సీడీ అనే పద్ధతిని ప్రకటించినది. హాలండు దేశపు ఫిలిప్స్ కంపెనీ ఇందుకు తోడ్పడినది. 1992లో అది అంగళ్ళలోనికి వచ్చినది. సామాన్యమైన ఫిల్ముపై తీసిన చిత్రములను దుకాణమున ఇచ్చినచో, ఒక్కొక్క దానిని బిందువులుగా విడదీసి, అంకెల రూపమున 12 సెంటీమీటర్ల వ్యాసముగల బిళ్ళపై ఎక్కించి ఇచ్చెడివారు. ఒక బిళ్ళపై సుమారు 100 చిత్రములు పట్టును. ప్రతి చిత్రము ఐదు పరిమాణములలో ఉండును. అన్నిటికన్న చిన్నదానిలో అడ్డముగా 192, నిలువుగా 128 బిందువులు. పెద్దదానిలో 3072, 2048. నడుమనున్న 768, 512 బిందువుల చిత్రమునకే ‘మూలము’ అను అర్థము గల పేరు పెట్టినారు. అన్నిటికీ కొలబద్ద టెలివిజనే అన్నమాట.

చిక్కు కూడ అక్కడనే వచ్చినది. టెలివిజన్ కదిలే బొమ్మల కొరకు పుట్టినది. సెకనుకు 25 బొమ్మలు మాత్రమే చూపినచో తెర మినుకుమినుకుమనును. 50 చూపవలెనన్నచో ప్రసారమునకు రెట్టింపు వెడల్పుగల పౌనఃపున్య పట్టీ కావలెను. ఈ ఇబ్బందిని తప్పించుటకు 1930లో జర్మనీలో ఫ్రిట్జ్ ష్రోటర్, 1932లో అమెరికాలో రాండల్ బల్లార్డ్ ఒకే ఉపాయము ఆలోచించినారు: మొదట బేసి గీతలు, తరువాత సరి గీతలు గీయుట. అప్పుడు సెకనుకు 50 అరబొమ్మలు వచ్చును. కన్ను వాటిని పూర్తి బొమ్మలుగానే భ్రమించును. 1936లో లండనులో ఆరంభమైన బి.బి.సి. ప్రసారములలో 405 గీతలవి ఈ పద్ధతినే అనుసరించినవి. కదిలే దృశ్యములో ఈ మోసము అంతగా పట్టుబడలేదు.

నిశ్చలచిత్రము సంగతి వేరు. చీర అంచులోని సన్నని జరీగీత, పెంకుటింటి చూరు, కరెంటు తీగ — ఇటువంటిది ఏదైనను తెరమీది ఒక్క గీతలోనే ఇమిడినచో, అది సెకనుకు 25 మార్లే వెలుగును. చూచువారికి వణకుచున్నట్లు తోచును. ఛాయాచిత్రము ఎంత స్ఫుటముగా ఉన్నచో వణుకు అంత హెచ్చు! అందుచేత బిళ్ళలు తయారుచేయువారు ప్రతి గీతలో దాని పైగీత, క్రిందిగీతల వెలుగును కొంత కలిపి, చిత్రమును మెత్తపరచవలసివచ్చినది. తెరపై బాగుండుటకై బొమ్మను కొంచెము చెడగొట్టుట!

ఫోటో సీడీ యంత్రము ఖరీదైనది, ఇండ్లలో నిలువలేదు. అది ముద్రాపకులకే ఎక్కువగా ఉపకరించినది. 1993లో వీడియో సీడీ, 1996లో డీవీడీ వచ్చినవి. తెలుగునాట పెండ్లి ఆల్బముతోపాటు స్టూడియోవారు ఇచ్చిన బిళ్ళలు ఇవే. భారతదేశపు పద్ధతిలో 625 గీతలకుగాను బొమ్మకు దక్కినవి 576. డీవీడీపై అడ్డముగా 720 బిందువులు; కాని అవి చతురస్రములు కావు, కొంచెము వెడల్పైనవి. ఈ సంగతి మరచి 720, 576 కొలతకు కత్తిరించిన చిత్రములో ముఖములు తెరపై సుమారు పదునైదవవంతు వెడల్పగును. తెలిసినవారు 768, 576 కొలతకు కత్తిరించి, పిమ్మట అడ్డముగా 720కి కుదించెడివారు. పైగా గాజుగొట్టపు టెలివిజను బొమ్మ అంచులను చట్రము వెనుకకు నెట్టివేసెడిది. పెండ్లి గుంపుఫోటోలో చివర నిలిచిన మేనమామ సగమే కనిపించుట ఇందువలననే. ప్రతి అంచున ఇరువదవవంతు విడుచుట అనుభవజ్ఞుల వాడుక.

తరువాత వచ్చిన పలుచని తెరలలో 1920, 1080 బిందువులున్నవి. గీతలన్నిటితో పూర్తి బొమ్మయే నిలుచును. వణుకు పోయినది. కాని పాత తెరకై 576 గీతలకు కుదించి, మెత్తపరచిన చిత్రములు ఈ తెరపై మసకగా కనిపించును. ఫిల్మును దాచుకొన్నవారు మరల చేయించుకొనగలరు. బిళ్ళ మాత్రమే మిగిలినవారికి ఆ 576 గీతలే దక్కినవి. ఫోటో సీడీ చేయించుకొన్న కొద్దిమందికి మరొక ఇబ్బంది: చిత్రములను దాచిన సంకేతపద్ధతిని కంపెనీ పూర్తిగా వెల్లడించలేదు. బయటివారు శోధించి, దానిని విప్పే ప్రోగ్రాములు వ్రాసినారు. విప్పగలిగినచో మాత్రము, 3072, 2048 బిందువుల ఆ పాతచిత్రము 1080 గీతల తెరకు సరిపోగా ఇంకను మిగులును.