బర్మింగ్‌హామ్ గిటారు, కదిరి ఉరుము: గట్టి వాద్యాల బృందం ఎలా లేస్తుంది, ఎక్కడ చితుకుతుంది

అనంతపురం సీమలోని కదిరి నుంచి బెంగళూరు దాదాపు 150 కిలోమీటర్లు. దేశంలో హార్డ్ రాక్‌కూ హెవీ మెటల్‌కూ గట్టి పట్టున్న నగరాల్లో అది మొదటి వరసలో ఉంటుంది. 2007 మార్చి 17న హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్ భారతదేశంలో తన తొలి కచేరీ చేసింది అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే. 2011 అక్టోబరు 30న మరో మెటల్ బృందం మెటాలికా వాయించిందీ ఆ మైదానంలోనే. ఆ నగరంలో ఇళ్లూ మేడలూ లేపిన కూలీల్లో కదిరి, తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట పల్లెలవాళ్లు ఉన్నారు. శెనక్కాయ పంట పోయిన ప్రతి ఏడూ ఆ దారి పట్టినవాళ్లే వాళ్లు. హైదరాబాద్ సంగతి చూస్తే, 2016లో తొలి ఈపీ తెచ్చిన గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బృందం 2018లో ‘స్వార్మ్’, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ విడుదల చేసింది. పాటలన్నీ ఇంగ్లీషులోనే.

కదిరి సీమలో మాత్రం గిటారు పట్టి పేరు తెచ్చుకున్న బృందం కనిపించదు. అంతమాత్రాన ఇక్కడి చెవికి గట్టి శబ్దం కొత్తదని అనుకోరాదు. ఊరి దేవరకు, అంటే అమ్మవారి జాతరకు, ఉరుములు, తప్పెటలు, పలకలు, కొమ్ములు కలిసి మోగినప్పుడు పక్కనున్న మనిషి మాట వినపడదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ మెట్టసీమకు సొంత గట్టి సంగీతం ఉంది. దాన్ని వాయించే బృందాలూ ఉన్నాయి. ఈ వ్యాసం ఆ బృందాలను హార్డ్ రాక్ చరిత్రలోని ఒక బృందం పక్కన నిలబెట్టి చూస్తుంది. బృందం లేవడానికి నేర్పు, శబ్దం, వినే జనం కావాలి. అది నిలబడాలంటే ఆ శబ్దం ఎవరి సొత్తన్న ప్రశ్న తేలాలి. ఉరుముల మేళం కష్టాలను మనం చాలాకాలంగా ‘ఆదరణ తగ్గింది’ అన్న ఒక్క మాటతో వివరిస్తున్నాం. ఆ వివరణ చాలదన్నది నా వాదన.

ముందు శబ్దం గురించి. ఉరుము తోలువాద్యం, దానికి రెండు ముఖాలు. ఒక ముఖాన్ని పుల్లతో కొడతారు, రెండోదాన్ని వంపు పుల్లతో రుద్దుతారు. రుద్దేటప్పుడు పుల్ల చర్మానికి పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుంటుంది. ఫిడేలు కమాను తీగమీద చేసే పని కూడా ఇదే. అయితే ఇక్కడ తీగ బదులు బిగించిన తోలు ఉండటం వల్ల ఒక శ్రుతికి కట్టుబడని, మూలుగుతూ పైకీ కిందికీ జారే ధ్వని పుడుతుంది. హార్డ్ రాక్ గిటారు గరగర పుట్టుక వేరు. ఆంప్లిఫయరును దాని శక్తికి మించి తోస్తే ధ్వనితరంగపు శిఖరాలు తెగిపోతాయి, అసలు స్వరంలో లేని కొత్త అనుస్వరాలు వచ్చి చేరతాయి. పుట్టుకలు వేరైనా వినేవాడి ఒంటిమీద రెండూ చేసే పని దగ్గరదగ్గరగా ఉంటుంది. శాస్త్రీయ సంగీతం దోషమని తీసిపారేసే గరుకుదనాన్నే ఈ రెండు సంగీతాలూ ప్రాణంగా పెట్టుకున్నాయి. దేవర ముందు పూనకం వచ్చేది ఆ గరుకు శబ్దానికే.

ఈ వాద్యం ఒక్క అనంతపురం సీమదే కాదు. కర్ణాటకలో ఉరుమె ఉంది, తమిళనాట ఉరుమి మేళం ఉంది. తమిళనాడులో తెలుగు మాట్లాడే రాజకంబళ నాయక్కర్లు దేవరాట్టం ఆడేది ఈ కుటుంబానికి చెందిన దేవదుందుభికే. అంటే రాష్ట్రాల సరిహద్దులు ఏర్పడక ముందునుంచీ దక్షిణాది మెట్టభూముల వెంట నడిచిన శబ్దం ఇది.

ఇక రెండో బృందం. 1968లో బర్మింగ్‌హామ్ నగరంలో, ఆస్టన్ అనే కార్మికవాడలో నలుగురు కుర్రాళ్లు కలిశారు. మరుసటి ఏడాదికి వాళ్ల పేరు బ్లాక్ సబ్బత్ అయింది. గిటారు వాయించే టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. పని మానేసే చివరి రోజున యంత్రం అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెంచేసింది. అతను ఎడమచేతివాటం మనిషి కనుక తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటిమీద తోలు అతికించాడు. నొప్పి తగ్గడానికి పల్చటి తీగలు వేశాడు, 1971 నాటికి శ్రుతి మూడు అరస్వరాలు దించి తీగలు వదులు చేశాడు. ఆ వదులు తీగల బరువైన నాదమే తర్వాతి హెవీ మెటల్‌కంతా పునాది. పాటగాడు ఓజీ ఆస్‌బోర్న్ కబేళాలో పనిచేశాడు, కార్ల హారన్లు సరిచూసే కార్ఖానాలోనూ పనిచేశాడు, దొంగతనం కేసులో ఆరువారాలు జైల్లో ఉన్నాడు.

ఓజీకి బృందంలో చోటెలా దొరికిందన్నది మనకు ముఖ్యం. బర్మింగ్‌హామ్‌లోని ఒక సంగీత వాద్యాల దుకాణంలో అతను చీటీ అతికించాడు. పాటగాడికి బృందం కావాలని, తన దగ్గర సొంత మైకుసెట్టు ఉందని దాని సారాంశం. ఆ మైకుసెట్టు వాళ్ల నాన్న అప్పుచేసి కొనిచ్చింది. కంఠం సంగతి ఎవరికీ తెలియకముందే ఆ యంత్రం అతనికి తలుపు తీసింది. గట్టి సంగీతంలో యంత్రం ఎవరిదైతే కబురు వాళ్లకే వస్తుంది.

కదిరి చుట్టుపక్కల గత రెండు దశాబ్దాల్లో జరిగింది ఈ కోణంలోంచి చూస్తే బోధపడుతుంది. పెళ్లి ఊరేగింపుకూ వినాయక నిమజ్జనానికీ చిన్న లారీమీద డీజే బాక్సులు, జనరేటరు వస్తున్నాయి. జనం గట్టి శబ్దానికి మొహం తిప్పుకుని ఉంటే ఇవి వచ్చేవి కావు. మునుపటికంటే ఎక్కువ శబ్దానికి ఎక్కువ డబ్బు ఇస్తున్నారు. ఆ డబ్బు పదిమంది మేళగాళ్లకు బదులు బాక్సులు కొన్న ఒక్క యజమానికి చేరుతోంది. ఆదరణ తగ్గిందన్న మాట అందుకే సరిపోదు. ఆదరణ చేయి మారింది. చట్టం సైతం వాద్యానికీ యంత్రానికీ మధ్య మేళగాడికి మేలు చేసే తేడా చూపదు. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లను కట్టడి చేశాయి. 2010 సవరణతో సంగీత వాద్యాలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. దేవర మేళం ప్రాణమంతా రాత్రిలోనే ఉంది.

మళ్లీ ఆస్టన్‌కు. అయోమీ 1968 చివర కొన్నాళ్లు జెత్రో టల్ బృందంలో చేరి వెనక్కి వచ్చాడు. వస్తూ ఒక అలవాటు తెచ్చాడు: కార్ఖానాకు పోయినట్టు పొద్దున్నే సాధనకు కూర్చోవడం. హాంబర్గ్ క్లబ్బులో రోజుకు అనేకసార్లు వాయించిన అనుభవం దానికి తోడైంది. అందుకే తొలి ఆల్బమ్‌ను 1969 అక్టోబరులో ఒక్క రోజులో రికార్డు చేయగలిగారు. 1970 ఫిబ్రవరి 13న అది విడుదలైంది. విమర్శకులు చీదరించుకున్నారు, జనం కొన్నారు. అదే ఏడాది వచ్చిన ‘పారనాయిడ్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. కార్మికవాడ కుర్రాళ్లు రెండేళ్లలో లోకానికి తెలిశారు.

ఆ వెంటనే పడిన దెబ్బ మత్తుమందులదని అందరూ చెబుతారు, అది నిజమే. ఒప్పందాల దెబ్బ కూడా అంత లోతైనదేనని నాకనిపిస్తుంది. పాత నిర్వాహకులతో వ్యాజ్యాలు నడుస్తుండగా, రికార్డింగు గదిలోకే కోర్టు కాగితాలు వస్తున్న స్థితిలో, 1975లో ‘సాబొటాజ్’ చేశారు. 1979లో ఓజీని బృందం నుంచి తీసేశారు. రోనీ జేమ్స్ డియో వచ్చి 1980లో ‘హెవెన్ అండ్ హెల్’తో బృందాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఎందరు వచ్చిపోయినా మధ్యలో వీడకుండా చివరిదాకా ఉన్నవాడు అయోమీ ఒక్కడే. 2012లో డ్రమ్మర్ బిల్ వార్డ్ ఒప్పందం తనకు సమ్మతం కాదని తప్పుకున్నాడు. 2013లో వచ్చిన ఆల్బమ్ అతను లేకుండానే తయారైంది. నలుగురూ మళ్లీ ఒక వేదిక ఎక్కింది 2025 జులై 5న, పుట్టిన వాడ ఆస్టన్‌లోనే ఉన్న విల్లా పార్క్ మైదానంలో. అదే నెల 22న ఓజీ చనిపోయాడు.

ఈ కథలో చాలా తగాదాలు ఒక కాగితం చుట్టూ తిరిగాయి. పాట ఎవరు కట్టారు, వాటా ఎంత, పేరు ఎవరిది అని కొట్లాడుకోవడానికి వాళ్ల చేతిలో కాగితమన్నది ఒకటుంది. మోసపోయినవాడు కూడా తన పేరు చూపించగలిగాడు. మన మేళాల దగ్గర ఆ కాగితమే లేదు. దేవర పెద్దలు మేళానికి ఇంత అని మాట్లాడతారు. మేళంలో ఎవరెవరు ఉన్నారో ఎక్కడా రాయరు. ఎవరో ఫోనులో తీసిన వీడియో లక్షల మంది చూసినా దానికింద ఊరి పేరు ఉంటుంది, అమ్మవారి పేరు ఉంటుంది, వాయించినవాడి పేరు ఉండదు.

అలాగని చట్టంలో వాళ్లకు హక్కు లేకపోలేదు. 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుడి హక్కును గుర్తించింది. 2012 సవరణ ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే వీలు కల్పించింది. ప్రదర్శన జరిగిన తర్వాత 50 ఏళ్ల వరకు ఆ హక్కు ఉంటుంది. పాట తరతరాలదే కావచ్చు, కర్త తెలియకపోవచ్చు, దాన్ని ఆ రాత్రి వాయించిన మనిషికి మాత్రం హక్కు ఉంది. తెలుగునాట జానపద కళాకారులు ఈ హక్కును వాడుకున్న సందర్భాలు చాలా అరుదు. దర్శనం మొగిలయ్య ఉదాహరణ మన కళ్లెదుటే ఉంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఆయన గొంతు ‘భీమ్లా నాయక్’ సినిమా ద్వారా ఇంటింటికీ చేరింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన ఇళ్లు కట్టేచోట కూలిపని చేస్తున్నట్టు పత్రికల్లో చదివాం. పేరు, పురస్కారం, సినిమా మూడూ అందిన మనిషికి నెలనెలా చేతికందే ఆదాయం మాత్రం నిలబడలేదు.

రెండు బృందాలను కలిపి చూస్తూ నేను దాటవేయలేని తేడా ఒకటుంది, అది కులం. ఆస్టన్ కుర్రాళ్లు పేదలు, అయినా గిటారు పట్టమని వాళ్లను ఎవరూ శాసించలేదు. అనంతపురం సీమలో ఉరుము వాయించేది ఎక్కువగా మాల కులస్థులు. తప్పెట, పలక చావుకూ దేవరకూ వాయించి తీరాల్సిన ఊడిగంగా దళితుల మీద పడ్డాయి. అమ్మవారి పూనకం తెప్పించే వాద్యగాడు గుడి బయట నిలబడ్డాడు. వాయించనన్న మనిషికి ఊరు ఏం చేసేదో ఈ సీమలో పెద్దవాళ్లకు తెలియనిది కాదు. అందుచేత ఒక కుర్రాడు తాత ఉరుమును అటకమీద పెట్టి బెంగళూరులో ఎలక్ట్రీషియన్ పనికి పోతే అది కళకు జరిగిన నష్టమని పరిశోధకుడు కన్నీరు పెట్టడం నాకు సమ్మతం కాదు. అది ఆత్మగౌరవ నిర్ణయం. అంతరించిపోతున్న కళను కాపాడాలని రాసే వ్యాసాలు ఎవరి వీపుమీద కాపాడాలో చెప్పకుండా ముగుస్తాయి. పెట్రోమాక్సు లైటు మోసేవాడికీ ఉరుము వాయించేవాడికీ ఊరు ఒకే లెక్కన చిల్లర ఇచ్చిన కాలాన్ని తిరిగి తెమ్మని ఏ పరిశోధనా అడగకూడదు.

వాద్యాన్ని ఊడిగం నుంచి విడదీసి చూపిన పని పక్క రాష్ట్రంలో జరిగింది. 2018 జనవరిలో చెన్నైలో ది కాస్ట్‌లెస్ కలెక్టివ్ తొలి కచేరీ చేసింది. సినిమా దర్శకుడు పా. రంజిత్‌కు చెందిన నీలం సాంస్కృతిక కేంద్రం, సంగీతకారుడు తెన్మా కలిసి దాన్ని నిలబెట్టారు. చెన్నై వాడల గానా పాటగాళ్లు, పరై అనే డప్పు వాయించేవాళ్లు, ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ముసెట్టు ఒకే వేదికమీద నిలిచాయి. చావు ఇంటి ముందు మోగిన పరై అది, ఇక్కడ వాయించినవాడికి పేరు ఉంది, మాట్లాడే మైకు ఉంది. ఢిల్లీ బృందం బ్లడీవుడ్ ఢోలును మెటల్ గిటార్ల మధ్యకు తెచ్చి 2019లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వాయించింది. సంగీతపరంగా అదీ పెద్ద అడుగే. సామాజికంగా నాకు చెన్నై ప్రయోగమే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. అక్కడ వాద్యంతోపాటు దాని మనుషులూ వేదిక ఎక్కారు.

కదిరికి దగ్గర్లో మరో దారి కూడా ఉంది. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలు ఆట తగ్గిపోయే కాలంలో అదే తోలుతో, అదే రంగులతో దీపపు గొడుగులు, గోడ బొమ్మలు చేయడం మొదలుపెట్టాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర తోలుబొమ్మకు భౌగోళిక గుర్తింపు దక్కింది. బొమ్మను కొని ఇంటికి తీసుకుపోవచ్చు కనుక ఆట పోయినా చేయి నిలబడింది. ఉరుముకు ఆ వీలు లేదు. దాని సరుకు శబ్దమే, శబ్దాన్ని అమ్మాలంటే రికార్డు కావాలి, రికార్డు మీద పేరు కావాలి.

కాబట్టి కదిరి డివిజన్‌లో తక్షణం చేయాల్సిన పరిశోధన పాటల సేకరణ ఒక్కటే కాదు. ఏ ఊళ్లో ఏ మేళం ఉంది, అందులో ఎవరెవరు ఏ వాద్యం పడతారు, ఉరుము కట్టే చేతులు ఇంకా ఎక్కడున్నాయి, దేవరకు ఎంత ఇస్తున్నారు, అదే రాత్రి డీజేకు ఎంత ఇస్తున్నారు అన్న లెక్క ముందు రాయాలి. రికార్డు చేసే విశ్వవిద్యాలయమైనా, టీవీ అయినా, సినిమా అయినా వాద్యగాళ్లందరి పేర్లతో తెలుగులో ఒప్పందం రాసుకోవాలి. దాన్ని వాళ్లకు చదివి వినిపించాలి. ఒక ప్రతి వాళ్ల ఇంట్లో ఉండాలి. వాయించడం ఇష్టం లేదని చెప్పే హక్కును ఆ ఒప్పందంలో మొదటి వాక్యంగా పెట్టాలి.