కంచె లేని కొండలు

బైరకూరు కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఒక హోబళి. ఇంట్లో మాట తెలుగు, బస్సు బోర్డు కన్నడం, కాస్త తూర్పుకు పోతే ఆంధ్ర సరిహద్దు. కొండలెక్కే సరదా ఉన్నవాడికి ఇంతకన్నా మంచి మకాం దొరకదని నా నమ్మకం. అమెరికావాళ్ల స్టేట్ పార్కుకు గేటూ, టికెట్టూ, దారుల పటమూ ఉంటాయి. మన గుట్టల్లో చాలావాటికి మేకలు వేసిన దారే దారి. అయినా వాటిని జనం ఎక్కని కాలం లేదు. ఎక్కిన కారణాలే మారుతూ వచ్చాయి.

ముందు రాయి సంగతి. కోలారు బంగారు గనులను మోసిన శిలల పట్టీ వయసు సుమారు 270 కోట్ల ఏళ్లు. గనుల ప్రాంతంలోని పెద్దపల్లి దగ్గర, పాత అగ్నిపర్వతం ఎగజిమ్మిన రాళ్లను భూగర్భ సర్వేక్షణ శాఖ జాతీయ స్మారకంగా గుర్తించింది. గుళ్లకూ కోటలకూ మొక్కేవాళ్లు ఆ రాళ్ల పక్కనుంచే చూడకుండా వెళ్లిపోతారు.

నన్నడిగితే మొదటి ఓటు ఆవని కొండకే. కింద పదో శతాబ్దపు నొళంబ రాజుల కాలంనాటి గుళ్ల గుంపు: రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు తలా ఒక లింగాన్ని ప్రతిష్ఠించారని చెబుతారు. పైన సీతమ్మ గుడి. వాల్మీకి ఆశ్రమం ఇక్కడేననీ, లవకుశులు పుట్టిందీ ఇక్కడేననీ ఊరి నమ్మకం. సంతానం కోరే ఆడవాళ్లు నేటికీ ఆ మెట్లెక్కుతారు. త్రిభువనకర్తదేవుడనే శైవాచార్యుడు నలభై ఏళ్లు ఈ స్థానాన్ని ఏలి, యాభై గుళ్లు కట్టించి, రెండు పెద్ద చెరువులు తవ్వించి, 961లో కన్నుమూశాడని శాసనం. గుళ్ల లెక్కకన్నా ఆ చెరువుల మాటే నాకు నచ్చుతుంది. కొండ నెత్తిన నిలబడి, వాన పడ్డ ఏడాది కింద మెరిసే నీళ్లను చూస్తే ఆయన ఏం చూసి తవ్వించాడో తెలుస్తుంది.

ముళబాగిలు కొండది వేరే కథ. మూడల బాగిలు, అంటే తూర్పు వాకిలి. వాకిలి అన్నాక కావలి తప్పదు. విజయనగర కాలంలో బుక్కరాయల కొడుకు కంపరాయలు ఇక్కడినుంచే పాలించాడు. మధుర మీదికి దండెత్తిందీ ఆయనే. 1768 అక్టోబరులో హైదరలీ, కర్నల్ వుడ్ సైన్యాలు ఈ గుండ్ల మధ్యే తలపడ్డాయి. ఇంగ్లీషువాళ్లు ఓడిపోయే ఘడియలో కెప్టెన్ బ్రూక్ రెండు ఫిరంగులను చాటుగా ఒక గుట్టమీదికి ఈడ్పించి, పేల్చి, తన మనుషులచేత ‘స్మిత్, స్మిత్’ అని కేకలు పెట్టించాడు. కర్నల్ స్మిత్ కొత్త సేనతో దిగాడనుకుని హైదర్ మనుషులు తగ్గారు. వెనకాల ఎందరున్నారో కనపడనివ్వని బండలు లేకపోతే ఆ ఎత్తు పారేదే కాదు. హైదర్ పుట్టిన బూదికోట కూడా ఈ జిల్లాలోదే. సొంత సీమ రాళ్లే ఆయన్ను మోసం చేశాయన్నమాట.

తర్వాత దొరలు చల్లదనం కోసం ఎక్కారు. 1791లో కార్న్‌వాలిస్ సేన పట్టుకున్న నందిదుర్గం క్రమంగా వేసవి విడిది అయింది. 1927లో గాంధీ ఆరోగ్యం కోసం అక్కడే ఉన్నారు. 2007లో కోలారునుంచి చిక్కబళ్లాపురం జిల్లా విడిపోవడంతో నంది మన లెక్కలోంచి జారిపోయింది. అటు మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ, కడప కలెక్టరు హార్స్‌లీ ఇల్లు కట్టుకున్నాక ఆయన పేరుకు మారింది. మల్లమ్మ పేరే బాగుండేది.

ఇక బంగారు గనులది పైకి కాకుండా కిందికి దిగిన కథ. 1802లో సరిహద్దు సర్వే చేస్తూ లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఊళ్లవాళ్లు మట్టి కడిగి బంగారం తీయడం చూశాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది, గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయాయి, 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. మిగిలినవి సైనైడ్ దిబ్బలు. సినిమాలవాళ్లకు అవి కొండలు. గాలి వీచే నెలల్లో ఆ దుమ్ము మింగేవాళ్లకు కాదు. అక్కడికి షికారుకు పొమ్మని నేను ఎవరికీ చెప్పను.

అడవి అనదగ్గది దక్షిణాన, కామసముద్రం వైపు ఉంది. అక్కడినుంచి కుప్పం, పలమనేరు వరకూ ఏనుగులు తిరుగుతాయి. 1980లలో అవి చిత్తూరు అడవులకు చేరితే, వాటికోసమే ఆంధ్రలో కౌండిన్య అభయారణ్యం వెలిసింది. ఏనుగులకు కర్ణాటక, ఆంధ్ర, తమిళనాడు అన్న తేడా లేదు. రాగి చేను కోల్పోయిన రైతు మాత్రం ఏ రాష్ట్రం ఆఫీసుకు పోవాలో చూసుకోవాలి.

కోలారు పట్నాన్ని ఆనుకున్న శతశృంగం కొండమీద అంతరగంగ అనే ఊట ఉంది. బెంగళూరు కుర్రాళ్లు ఇప్పుడు నెత్తికి లైటు కట్టుకుని రాత్రిపూట అక్కడి గుండ్ల సందుల్లో దూరుతున్నారు. గుహలంటే తొలిచినవి కావు, ఒకదానిమీద ఒకటి పడ్డ బండల మధ్య ఖాళీలు. లావుపాటివాళ్లు ఆలోచించుకోవాలి. కొండమీద ఊళ్లున్నాయి, తేరహళ్లిలో రాగి పండుతుంది. దిగి వచ్చేసరికి తెల్లారుతుంది. కాశీ విశ్వేశ్వరుడి గుడి దగ్గర రాతి బసవన్న నోట నీళ్లు పడుతూ ఉంటాయి. కోతులు సీసా లాక్కోకముందే పట్టుకోవాలి.