గోదావరి బురద, కరువుల చరిత్ర

ఆ మధ్య మా కాలేజీలో ధాత కరువును గురించి ఒక గోష్ఠి జరిగింది. 1876–78 మధ్య బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలను పీల్చి పిప్పి చేసిన ఆ కరువును మన సాహిత్యం యేమేరకు పట్టించుకొన్నదన్నది నేను మాట్లాడవలసిన విషయం. మాట్లాడాను. చివర ఒక విద్యార్థి లేచాడు. పాశమైలారంలో రాత్రి షిఫ్టు చేసి పగలు క్లాసుకు వచ్చే కుర్రవాడు. "సార్, కరువు వానలు పడక వచ్చిందా, దొరలు దెచ్చిండ్రా? ఒక్క మాట చెప్పుండ్రి" అన్నాడు. దొరలే తెచ్చారన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి.

కాని ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. వానలు పడలేదన్నదీ నిజమే గదా! వానల చరిత్రను మనం, అంటే అభ్యుదయ విమర్శకులం, యింతవరకు యెవరికో వదిలివేశాం. ప్రకృతి పేరెత్తితే పాలకుల నేరం తేలికపడుతుందేమోనని మనకొక భయం. ఆ భయానికి ఆధారం లేదని యిప్పుడనుకొంటున్నాను. యీ అభిప్రాయానికి నేను వచ్చిన దారి గోదావరి బురద గుండా సాగింది.

వానల చరిత్ర యెక్కడ దొరుకుతుంది? శాసనాలలో దానాలున్నాయి, బిరుదులున్నాయి, పడిన వాన లెక్క లేదు. భారత వాతావరణ శాఖ యేర్పడిందే 1875లో. ఆ మరుసటి యేడే ధాత కరువు! అంతకు ముందటి వేల సంవత్సరాల లెక్క కావాలంటే సముద్రం అడుగుకు పోవలసిందే. అది మనకు సంబంధం లేని చోటేమీ కాదు. పాశమైలారం మీద పడ్డ వాన నక్కవాగులోకి పోతుంది. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి తాను మోసుకొచ్చిన మట్టిని బంగాళాఖాతంలో దించుతుంది. యేటికేడు దిగిన ఆ మట్టి పొర మీద పొరగా సముద్రపుటడుగున పేరుకొని వుంది.

ఆ అడుగును తెలుగుదేశంలో శాస్త్రీయంగా పరిశీలించడం వాల్తేరులో మొదలయింది. 1952లో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి భూగర్భశాస్త్రాచార్యులు మహదేవన్ గారితో కలిసి పనిచేశాడు. తూర్పు తీరానికి ఆవల సముద్రగర్భంలో వున్న లోయలలో ఒకదానికి ఆంధ్ర అని, ఒకదానికి మహదేవన్ అని పేర్లుండడం ఆ కృషి ఫలితమే. మన పాఠ్యపుస్తకాలలో యీ సంగతి నాకు కనబడలేదు.

మన చర్చకు కావలసిన మట్టి మాత్రం చాలా కాలం తరువాత, 2006లో పైకి వచ్చింది. జాయిడీస్ రిజొల్యూషన్ అనే తవ్వకపు ఓడ కృష్ణా గోదావరి తీరంలో వెయ్యి మీటర్లకు పైగా లోతున గొట్టాలు దించి బురదకడ్డీలు తీసింది. అది వెతికింది చరిత్రను కాదు, ఇంధనాన్ని. సముద్రపుటడుగున గడ్డకట్టి వున్న వాయునిక్షేపాల కోసం ప్రభుత్వం చేయించిన అన్వేషణ అది. పెట్టుబడి తన అవసరం కోసం తవ్వుకొన్నప్పుడు చరిత్ర కూడా కాస్త పైకి రావడం కొత్తేమీ కాదు. రైలుకట్టలు వేస్తుండగానే హరప్పా యిటుకలు బయటపడ్డాయి.

ఆ కడ్డీలలో ఒకదాని పైభాగంలో, పది మీటర్ల లోపే, సుమారు 11,000 సంవత్సరాల మట్టి వుంది. దాన్ని చదివే పద్ధతి తాళపత్రాలతో కుస్తీపట్టిన తెలుగు మేష్టరుకు అంత కొత్తగా వుండదు. సముద్రపు పైనీటిలో బ్రతికే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవులు చచ్చి అడుగుకు రాలుతాయి. వాటి గవ్వలలో తేలిక ఆక్సిజన్, బరువు ఆక్సిజన్ అని రెండు రకాలుంటాయి. నదినీరు విస్తారంగా వచ్చి కలిస్తే తేలిక రకం పాలు పెరుగుతుంది. నది యెండి సముద్రం ఉప్పు తేలితే బరువు రకం పెరుగుతుంది. యిది ఒక సాక్షి. రెండవ సాక్షి ఆకుల మీది మైనం. మనం తామరాకు మీద చూసే నునుపే అది. ఆకు కుళ్ళినా మైనం చాలా కాలం నిలుస్తుంది. చెట్టు ఆకు మైనంలోని కార్బనుకూ, యెండకు తట్టుకొనే గడ్డిజాతి మైనంలోని కార్బనుకూ తేడా వుంటుంది. పొరల వయస్సును గవ్వలలోని రేడియో కార్బను చెబుతుంది.

అయితే యీ ప్రతిలోనూ ప్రక్షిప్తాలున్నాయి. యెన్నో వందల యేళ్ళు నేలలో పడివున్న పాత మైనం కోతకు గురై కొత్త పొరలో వచ్చి చేరుతుంది. జొన్న కూడా గడ్డిజాతే కనుక అడవిగడ్డి మైనమేదో, జొన్నచేను మైనమేదో కార్బను ఒక్కటే చెప్పలేదు. అందుకే రెండవ సాక్షిని మొదటి సాక్షితో సరిచూసుకోవాలి. పాఠపరిష్కర్తలు చేసేదీ యిదే గదా.

పాంటన్, జోసాన్ ప్రభృతులు 2012లో ప్రకటించిన ఫలితాల సారాంశం యిది. గోదావరి పరీవాహక ప్రాంతంలో సుమారు 4,000 యేళ్ళ క్రితం నుంచి 1,700 యేళ్ళ క్రితం వరకు యెండను తట్టుకొనే మొక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చాయి. ఆ తరువాత అవే నిలిచిపోయాయి. గత 3,000 యేళ్ళలో, ముఖ్యంగా 1,700 యేళ్ళ నుంచి, సముద్రం మునుపెన్నడూ లేనంతగా ఉప్పు తేలిన ఘట్టాలు మాటిమాటికి కనిపిస్తాయి. అంటే దక్కను పీఠభూమి యీ నాలుగు వేల యేళ్ళలో మెల్లమెల్లగా యెండుతూ వచ్చింది. దాన్ని యే రాజూ యెండగట్టలేదు.

2017లో జోసాన్ బృందం అదే మట్టి మీద మరొక వ్యాసం ప్రకటించింది. నన్ను యెక్కువగా కదిలించింది యిదే. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ పొలాలు చూసినవారికి ఒకే ఆవరణలో నల్లరేగడీ, యెర్రచెలకా రెండూ వున్న సంగతి తెలుసు. గోదావరి కథ కూడా అదే. యెగువన రేగడి, దిగువన యెర్రనేల. నియోడిమియం అనే మూలకపు పాళ్ళను బట్టి సముద్రంలోని మట్టి యే నేల నుంచి వచ్చిందో గుర్తుపట్టవచ్చు. వాన తగ్గితే కోతా తగ్గాలని మనం అనుకొంటాం. జరిగింది అందుకు విరుద్ధం. వానలు తగ్గినకొద్దీ సముద్రానికి చేరిన మట్టి పెరిగింది, అందులో రేగడి పాలు హెచ్చింది. చెట్టూ చేమా పలచబడ్డ నేల మీద పడే వాన, తక్కువే అయినా, మట్టిని పెళ్ళగించుకుపోతుంది. దాని పైన నవీనశిలాయుగంలో మొదలై ఇనుపయుగంలో విస్తరించిన సేద్యం ఆ కోతను మరింత ముమ్మరం చేసింది. యిక్కడ ప్రకృతీ మనిషి శ్రమా విడదీయరానంతగా పెనవేసుకొన్నాయి. "వానా, దొరా?" అని విడదీసి అడిగితే యీ బురద జవాబు చెప్పదు.

మొదటి వ్యాసకర్తలు మరొక సూచన చేశారు. గత 1,700 యేళ్ళలో దక్షిణాదిన చెరువుల నిర్మాణం విస్తరించడానికి వానల నిలకడలేమి కారణమై వుండవచ్చునన్నారు. సూచనగా బాగుంది. కాని వాన తక్కువయినంత మాత్రాన చెరువు దానంతటది పుట్టదు. ఒకరు తవ్వించాలి, వేలమంది తవ్వాలి. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం చెరువు కట్టడానికి రోజుకు వెయ్యిమంది కూలీలూ, నూరు బండ్లూ పనిచేశాయనీ, రెండేళ్ళు పట్టిందనీ చెబుతుంది. కట్టించిన రాజకుమారుడి పేరుంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు. సముద్రపుటడుగున కూడా వారి పేర్లు దొరకవు, కాని వారు యెందుకు తవ్వవలసివచ్చిందో తెలుసుకొనేందుకు ఒక దారి దొరుకుతుంది.

యిక ధాత కరువు. పది మీటర్ల లోపు మట్టిలో 11,000 యేళ్ళంటే ఒక్క సెంటీమీటరులో పదేళ్ళకు పైగా యిరుక్కొని వుంటాయి. 1876 అనే ఒక్క యేడు అందులో విడిగా కనబడదు. ఆనాడు శాంతమహాసముద్రంలో యెల్ నీన్యో తలెత్తిందనీ, వానలు విఫలమయ్యాయనీ యితర ఆధారాల వల్ల తెలుసు. కాని అంతకు ముందు నాలుగు వేల యేళ్ళుగా యెండుతూ వచ్చిన నేల మీద జనం జొన్నలూ కొర్రలూ పండించి, చెరువులు కట్టి, పాతర్లలో ధాన్యం దాచి బ్రతుకుతూనే వచ్చారు. వాన తప్పడం వారికి అలవాటయిన ఆపద. కొత్తగా వచ్చినవి వేరే వున్నాయి: రొక్కంలో చెల్లించవలసిన శిస్తు, ఆకలి నేలల మీదుగా ఓడరేవులకు ధాన్యం మోసే రైళ్ళు. లిట్టన్ పాలనలో ఎగుమతులు ఆగలేదు. కరువు పనుల మీద కూలికి రోజుకు పౌను ధాన్యం చాలునని టెంపుల్ నిర్ణయించాడు. దక్షిణ భారతంలో అరకోటి మంది చనిపోయారని అంచనా. అందుకనే నేననేది, బురద చెప్పిన సాక్ష్యం ఆ పాలకులకు ప్రతికూలమే. వాన మీద నెపం వేసే వీలు దానివల్ల వారికి తగ్గిపోయింది.

మళ్ళీ సందర్భం దొరికినప్పుడు యిదంతా ఆ విద్యార్థికి చెప్పాను. మన వాగు మట్టి యిప్పుడు సముద్రం దాకా పోవడం కష్టమనీ చెప్పాను. 1931లో పూర్తయిన నిజాంసాగర్ కొన్ని దశాబ్దాలలోనే పూడికతో సగానికి పైగా సామర్థ్యం పోగొట్టుకొన్నది. దాన్ని దాటితే పోచంపాడు వుంది. 1970లలో గోదావరి డెల్టాకు యేటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు చేరేది. 1990లలో అది 6 కోట్లకు లోపు పడిపోయింది. నక్కవాగులో ఫ్యాక్టరీల నీరు కలిసిన తరువాతి పొరలలో యేముంటుందో చదవాలంటే బహుశా మంజీర జలాశయాల పూడికనే తవ్వాలి.

అతను అంతా విన్నాడు. "అయితే ఆ యేడు మట్టిల కనబడదంటరు. మరి ధాన్యం ఎగుమతి లెక్కలు యేడ దొరుకుతయి సార్?" అన్నాడు. 1880 నాటి కరువు కమిషన్ నివేదిక మా లైబ్రరీలో లేదు. రెవిన్యూ బోర్డు కాగితాలు చెన్నైలో, ఎగ్మూరు ప్రాచ్యపత్ర భాండాగారంలో వున్నాయని చెప్పాను. రెండు రోజులు సెలవు దొరుకుతుందేమో షిఫ్టు సూపర్‌వైజరును అడుగుతానన్నాడు.