టెలివిజన్ సాహసగాథల కామిక్స్

టెలివిజన్‌లో వారం వారం ప్రసారమైన సాహస ధారావాహికల పాత్రలను తీసుకొని అచ్చువేసిన బొమ్మల కథల పుస్తకాలు ఇవి. 1950ల నుంచి 1970ల చివరి వరకు అమెరికా, బ్రిటన్‌లలో విరివిగా వెలువడ్డాయి. వీడియో క్యాసెట్లు ఇళ్ళకు చేరని ఆ రోజుల్లో, స్టేషన్ వారు మళ్ళీ వేస్తే తప్ప చూసిన కథను తిరిగి చూసే వీలు లేదు. పది, పన్నెండు సెంట్ల పుస్తకం ఆ లోటు తీర్చింది. వీటిలో ఎక్కువ భాగం తెరపై వచ్చిన కథలు కావు, అవే పాత్రలతో కొత్తగా అల్లినవి.

కథను బొమ్మల వరుసలో చెప్పడం పాత విద్యే; తెలంగాణలోని చేర్యాల నకాశీ బొమ్మల పటాలు శతాబ్దాలుగా ఆ పని చేస్తున్నాయి.

డెల్, గోల్డ్ కీ

1933లో రేడియో నాటకంగా పుట్టిన ‘లోన్ రేంజర్’ 1949లో టెలివిజన్‌కు ఎక్కింది. డెల్ కంపెనీ దాని కామిక్‌ను అంతకు ఏడాది ముందే మొదలుపెట్టింది. డెల్ పేరుతో వచ్చే పుస్తకాలను నిజానికి తయారుచేసింది వెస్టర్న్ పబ్లిషింగ్ సంస్థ. సినిమా, టెలివిజన్ హక్కులు సంపాదించడంలో దానిది అందెవేసిన చేయి. 1954లో మిగతా ప్రచురణకర్తల్లో చాలామంది, పుస్తకం పిల్లలకు తగినదని చాటే కామిక్స్ కోడ్ ముద్ర కోసం వరుస కడితే డెల్ ఆ ముద్ర తీసుకోలేదు. తన పుస్తకాలు పిల్లలకు తగినవేనని తల్లిదండ్రులకు తనే పూచీపడింది.

ఈ కాలపు ఉత్తమ రచన ‘జోరో’. గై విలియమ్స్ నటించిన డిస్నీ ధారావాహిక 1957లో మొదలుకాగా, డెల్ వారి ‘ఫోర్ కలర్’ వరుసలో అలెక్స్ టోత్ దానికి బొమ్మలు వేశాడు. బొమ్మలో కనబడేదాన్నే మళ్ళీ మాటల్లో చెప్పే స్క్రిప్టులు అతనికి నచ్చలేదు. అయినా గాఢమైన నలుపుతో, అక్కర్లేని ఒక్క గీతా లేకుండా అతను కూర్చిన పుటలు నేటికీ చిత్రకారులకు పాఠాలు.

1962లో డెల్, వెస్టర్న్ విడిపోయాయి. వెస్టర్న్ ‘గోల్డ్ కీ’ పేరుతో సొంత ముద్రణ ప్రారంభించి, 1967 జూలై సంచికతో ‘స్టార్ ట్రెక్’ తెచ్చింది. తెరపై ఆ ధారావాహిక 79 భాగాలతో 1969లో ముగిసింది. కామిక్ మాత్రం 1979 మార్చి దాకా 61 సంచికలు నడిచింది. మూడో సంచిక నుంచి చాలాకాలం బొమ్మలు వేసిన ఆల్బెర్టో జియోలిట్టి రోమ్‌లో ఉండేవాడు. ధారావాహికను చూడకుండానే, ప్రచారానికి పంపిన ఫొటోలను బట్టి గీశాడు. అందుకే తొలి సంచికల్లో ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌక తోక నుంచి మంటలు చిమ్ముతుంటాయి. ఒకప్పుడు అభిమానులు నవ్వుకున్న ఆ పొరపాట్లే ఇప్పుడు ఆ సంచికలకు ఆకర్షణ.

బ్రిటన్

1951లో మొదలైన ‘టీవీ కామిక్’ 1964 నుంచి ‘డాక్టర్ హూ’ కథలు వేసింది. అంతకంటే మెరుగైనది ‘టీవీ సెంచురీ 21’. 1965 జనవరి 23న వచ్చిన తొలి సంచిక నూరేళ్ళు ముందుకు జరిపి 2065 తేదీ వేసుకుంది. మొదటి పేజీ అచ్చం దినపత్రికే. గెర్రీ ఆండర్సన్ ‘థండర్‌బర్డ్స్’ను ఇందులో 1966 నుంచి ఫ్రాంక్ బెల్లమీ గీశాడు. తెరపై ఆ పాత్రలు తీగలతో ఆడించే బొమ్మలు. బెల్లమీ వాటిని రక్తమాంసాలున్న మనుషులుగా మార్చాడు.

తెలుగు నేల, నెల్లూరు తీరం

ఇక్కడ క్రమం తిరగబడింది. టెలివిజన్ రాకముందే సాహసగాథల ఆకలిని పత్రిక తీర్చింది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి ప్రారంభించిన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు 1954 నాటి ‘తోకచుక్క’తో మొదలయ్యాయి. చిత్రా బొమ్మలతో నెలనెలా ఉత్కంఠ రేపిన ఈ కథలు సాంకేతికంగా కామిక్స్ కావు, అయినా ఇక్కడ కామిక్స్ స్థానం వాటిదే. బేతాళ కథలు పాతవి అయిపోయాక, అదే చట్రంలో కొత్తవి అల్లి పత్రిక దశాబ్దాలు నడిపింది. విక్రమార్కుడు, బేతాళుడు 1985లో రామానంద్ సాగర్ చేతుల మీదుగా దూరదర్శన్ తెరకెక్కేసరికి తెలుగు పిల్లలకు ఇద్దరూ పాత పరిచయస్థులే.

మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న, హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలయ్యాయి. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న తడ, సూళ్లూరుపేటలకు దగ్గరిది మద్రాసే. ఇంగ్లిష్ కామిక్స్ కావాలన్నా ఆ దారే. అక్కడి మూర్ మార్కెట్ పాత పుస్తకాల అంగళ్ళకు పేరుపొందింది. 1985 మే 30న అది కాలిపోయింది. ఇదే తీరంలోని శ్రీహరికోట నుంచి ఎస్.ఎల్.వి.-3 రాకెట్ 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దూరదర్శన్‌లో ‘స్టార్ ట్రెక్’ వచ్చింది ఆ తరవాత కొన్నేళ్ళకు. ఈ తీరంలో అసలు రాకెట్టే ముందు, కథలోని నౌక తరవాత.

దేశీయ ధారావాహికల్లో 1997 నాటి ‘శక్తిమాన్’కు డైమండ్ కామిక్స్ పుస్తకాలు వేసింది. హైదరాబాదులో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ 2008లో పోగో చానెల్‌కు ‘ఛోటా భీమ్’ అందించి, ఆ తరవాత కామిక్ పుస్తకాలూ తెచ్చింది. డెల్ నాటి పద్ధతి తెలుగు నగరానికి అలా అరవై ఏళ్ళు ఆలస్యంగా చేరింది.

పాత సంచికలు తరవాత సంపుటాలుగా వచ్చాయి. టోత్ ‘జోరో’ను 1988లో ఎక్లిప్స్ సంస్థ, గోల్డ్ కీ ‘స్టార్ ట్రెక్’ను 2014 నుంచి ఐడీడబ్ల్యూ సంస్థ తిరిగి ముద్రించాయి. కొత్తగా చదవబోయేవారు ‘జోరో’తో మొదలుపెట్టడం మేలు.