ఎక్స్ఛేంజీల లెక్క

1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు నేను డెల్టాలో ఒక చిన్న ఎక్స్ఛేంజిలో ఆపరేటరుని. మా ఊరి లైన్లు కొన్ని పలుకుతూనే ఉన్నాయి. పక్క ఎక్స్ఛేంజికి పోయే ట్రంకు తీగ మాత్రం తెగింది. ఊరి గోడు విన్నాను గాని పైకి చేరవేయలేకపోయాను. ఆ బాధకు గణితంలో ఒక పేరుందని రిటైరయ్యాక తెలిసింది.

ఒకే రోడ్డు మీద వరసగా ఆరు ఊళ్ళున్నాయనుకుందాం. ఎక్స్ఛేంజి ఉన్న ఊరికీ, దానికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళకే తీగ అందుతుంది. రెండో ఊళ్ళో ఒకటి, అయిదో ఊళ్ళో ఒకటి పెడితే ఆరూళ్ళకూ సరిపోతుంది. ఈ 2 అనేది డామినేషన్ నంబరు. కాని ఆ రెండు ఎక్స్ఛేంజీలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. మాట్లాడుకోవాలంటే మూడు, నాలుగు ఊళ్ళలోనూ పెట్టాలి. అప్పుడు వచ్చే 4 కనెక్టెడ్ డామినేషన్ నంబరు.

మొదటి లెక్క చదరంగం బల్ల మీద పుట్టింది. 64 గళ్ళనూ కాపు కాయడానికి కనీసం ఎందరు మంత్రులు కావాలని 1862లో రష్యాకు చెందిన యానిష్ ఆలోచించాడు. జవాబు అయిదుగురు. 1962లో నార్వే గణితవేత్త ఓరె తన గ్రాఫుల గ్రంథంలో దీనికి డామినేషన్ అని పేరు పెట్టాడు.

కాపలాదారులు తమలో తాము కలిసి ఉండాలన్న షరతుతో 1979లో వ్యాసం రాసినవారు మన పొరుగునే ఉన్న ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం వారు: ఇ. సంపత్‌కుమార్, హెచ్.బి. వాలికార్. 1984లో హెడెట్‌నీమి, భారతదేశంలో పుట్టిన రేణు లస్కర్ కలిసి ఈ సంఖ్యపై మరో వ్యాసం వెలువరించారు. ఊళ్ళన్నిటినీ ఎక్కడా చుట్టు తిరగకుండా చెట్టులా కలపండి. కొసన మిగిలే ఊళ్ళు వీలైనన్ని ఎక్కువ ఉండేలా చూడండి. మొత్తంలోంచి వాటిని తీసేస్తే మిగిలేదే జవాబు. మన రోడ్డు మీద ఆరులో కొస ఊళ్ళు రెండు, మిగిలింది నాలుగు. ఊళ్ళు వేలల్లో ఉంటే మాత్రం ఈ లెక్కను త్వరగా తేల్చే ఉపాయం ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

1990ల నుంచి, స్తంభాలూ తీగలూ లేకుండా ఒక పరికరం మాట మరొకటి అందుకునే వైర్‌లెస్ వలలకు ఈ ఆలోచన వెన్నెముక అయింది.

ఖర్చు తగ్గించాలన్నప్పుడల్లా రెండు చాలవా అని అడిగేవారుంటారు. మధ్యనున్న ఆ రెండూ దండగ కాదని ఆ రాత్రి బోర్డు ముందు కూర్చున్నవాడిగా చెప్పగలను.