నైలునదీ తీరపు కాలేయవ్యాధి

నైలునదీ జలములతో పండు పొలములలో దిగి పనిచేయు కృషీవలుల రక్తనాళములందు తరతరములుగా నివాసమేర్పరచుకొన్న పురుగును, 1851లో కైరో నగరపు కస్రల్ ఐనీ వైద్యశాలయందు శవపరీక్షలు జరుపుచుండిన జర్మను వైద్యుడు థియోడర్ బిల్హార్జ్ కనుగొనెను. ఆయన పేరిటనే ఆ రోగము బిల్హార్జియా యని ప్రసిద్ధి చెందినది. 1910లో రఫర్ అను పరిశోధకుడు మూడువేల ఏండ్లనాటి మమ్మీల మూత్రపిండములలో ఆ కులపు పురుగుల గ్రుడ్లనే చూపెను గనుక, ఇది ఫరోల సమకాలికమనుట అతిశయోక్తి గాదు.

1904లో కైరోలోనే సిమ్మర్స్ అను వైద్యుడు, ఈ గ్రుడ్ల మూలమున కాలేయమందలి సిరల చుట్టును కణజాలము మట్టిగొట్టములవలె గట్టిపడుటను వర్ణించెను. అట్లు మార్గము నిరోధింపబడిన రక్తము ప్రక్కదారులు పట్టి, కాలేయమును తాకకయే దేహమంతట ప్రసరించును. పిత్తముతో వెడలిపోవలసిన మాంగనీసు మెదడును జేరి, గ్లోబస్ పాలిడస్ అను లోతైన భాగమున పేరుకొనును. కాలేయకణములు చాలవరకు చెడకుండుటచే రోగి మాటయందును నడకయందును లోపమేమియు గానరాకపోవచ్చును. వైద్యుడు మోసపోవుట ఇచ్చటనే.

ఇరువదవ శతాబ్ది చివర వ్యాప్తిలోనికి వచ్చిన ఎం.ఆర్.ఐ. యంత్రము ఈ గుట్టును బయటపెట్టెను. టి1 అను పద్ధతిలో తీసిన చిత్రములలో మాంగనీసు పేరుకొనిన ఆ భాగము ఇరుప్రక్కలను తెల్లగా మెరయును. ఈ వ్యాధి పీడించు బ్రెజిలు దేశమున, బాహ్యలక్షణములు లేని రోగుల మెదళ్లలోను వైద్యులు దీనిని చూచిరి. అయినను ఆ తెలుపును జూచినంతనే మతిభ్రంశము తప్పదని తీర్మానించుట తొందరపాటు. అది రక్తము కాలేయమును దాటి పోవుచున్నదని తెలుపు గుర్తు మాత్రమే.