ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్‌లు: సామాన్యుల అభిప్రాయాల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆపరేటింగ్ సిస్టమ్, సోర్స్ కోడ్, ఓపెన్ సోర్స్ అనే భావనలను వివరించగలుగుతారు.
• ఓపెన్ సోర్స్ ఉద్యమంలోని ముఖ్య ఘట్టాలను కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• ఈ సాఫ్ట్‌వేర్‌పై మన సమాజంలో ఉన్న అభిప్రాయాలు ఏ చారిత్రక పరిస్థితులలో ఏర్పడ్డాయో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

విశాఖపట్నంలోని కంచరపాలెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్, ప్రభుత్వ ఐటీఐ ఉన్నాయి. చుట్టుపక్కల రైల్వేలోనూ, ఓడరేవులోనూ, కర్మాగారాలలోనూ పనిచేసే కుటుంబాలు ఎక్కువ. ఇటువంటి చోట ఒక విద్యార్థి లాప్‌టాప్ కొనే సందర్భాన్ని ఊహించండి. ధర తక్కువ అని విండోస్ లేని ‘డాస్’ లాప్‌టాప్ తీసుకుంటాడు. తరువాత ఎవరో తెలిసినవారి చేత విండోస్ వేయించుకుంటాడు. లైనక్స్ వేసుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే సాధారణంగా నాలుగు మాటలు వినిపిస్తాయి. ‘ఊరికే వచ్చేది బాగుంటుందా?’, ‘అందులో తెలుగు సరిగా రాదు’, ‘దానికి వైరస్ రాదట’, ‘అది ఇంజనీర్లకు, మనవల్ల కాదు’.

చరిత్ర విద్యార్థికి అభిప్రాయం కూడా ఒక ఆధారమే. అది ఒప్పా, తప్పా అని తేల్చడంతో మన పని పూర్తికాదు. అది ఎప్పుడు పుట్టింది, అప్పుడు దానికి కారణం ఏమిటి, ఆ కారణం పోయిన తరువాత కూడా ఎందుకు నిలిచి ఉంది అని అడగాలి. ఈ పాఠంలో పై నాలుగు మాటలనూ ఆ దృష్టితో పరిశీలిద్దాం.

2. సోర్స్ కోడ్: మరమ్మతు చేసుకునే హక్కు

కంప్యూటర్ యంత్ర భాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలిచి పని నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్, లైనక్స్, ఆండ్రాయిడ్ ఈ కోవకు చెందినవి. ప్రోగ్రామర్ మనిషికి అర్థమయ్యే రూపంలో రాసిన ఆదేశాలే సోర్స్ కోడ్. దానిని యంత్రానికి అర్థమయ్యే అంకెల రూపంలోకి మారుస్తారు. చాలా కంపెనీలు ఈ రెండో రూపాన్ని మాత్రమే అమ్ముతాయి.

‘కంచర’ అనే మాట కంచు, ఇత్తడి పనిచేసే వృత్తివారిని సూచిస్తుంది. ఇత్తడి గిన్నెకు కళాయి పోతే, దానిని తయారుచేసినవారినే వెతుక్కుంటూ వెళ్లనక్కరలేదు. కళాయి పూయడం తెలిసినవారు ఎవరైనా పూస్తారు. సొట్ట పడితే మరొకరు తీస్తారు. సోర్స్ కోడ్ అందుబాటులో లేని సాఫ్ట్‌వేర్‌కు ఈ సౌకర్యం ఉండదు. లోపం వస్తే తయారుచేసిన కంపెనీయే సరిచేయాలి. సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చి, దానిని చదివే, మార్చే, పంచే హక్కును కూడా ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటున్నాం.

3. ఉద్యమ వికాసం

తొలి దశలో సాఫ్ట్‌వేర్ యంత్రంతో పాటే వచ్చేది. 1969లో ఐబీఎం కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర కట్టే విధానాన్ని ప్రకటించింది. 1976లో బిల్ గేట్స్ కంప్యూటర్ అభిరుచిపరులకు ఒక బహిరంగ లేఖ రాసి, తమ ప్రోగ్రామును డబ్బు చెల్లించకుండా నకలు చేసుకోవడం దొంగతనమేనని వాదించాడు. సాఫ్ట్‌వేర్ ఒక ఆస్తి అన్న భావన ఈ విధంగా బలపడింది.

దీనికి ప్రతిస్పందన అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాల నుంచి వచ్చింది. 1980 ప్రాంతంలో అక్కడికి వచ్చిన కొత్త లేజర్ ప్రింటరులో కాగితం తరచుగా ఇరుక్కునేది. ఇరుక్కున్నప్పుడు వాడుకరులకు సమాచారం అందేలా ప్రోగ్రామును మార్చాలని రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నాడు. కాని దాని సోర్స్ కోడ్ ఆయనకు దొరకలేదు. 1983 సెప్టెంబరులో ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వచ్చాయి. ఆ లైసెన్సు ప్రకారం సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. అయితే మార్చిన రూపాన్ని పంచేవారు అవే హక్కులను ఇతరులకూ ఇవ్వాలి.

1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నెల్ గురించి ప్రకటించాడు. 1992లో దానిని జీపీఎల్ కిందికి తెచ్చాడు. ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు 1998లో వాడుకలోకి వచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. సోర్స్ కోడ్ అంటే ఏమిటి?
2. జీపీఎల్ లైసెన్సు ఏ హక్కులను ఇస్తుంది?

4. ‘ఊరికే వచ్చేది బాగుంటుందా?’

ఆంగ్లంలో ‘ఫ్రీ’ అనే ఒక్క మాటకే ఉచితం, స్వేచ్ఛ అనే రెండు అర్థాలూ ఉన్నాయి. అందువల్ల తాము కోరేది స్వేచ్ఛ అని ఉద్యమకారులు పదేపదే వివరించవలసి వచ్చింది. తెలుగులో ఈ ఇబ్బంది లేదు. మనకు రెండు వేర్వేరు మాటలున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన తెలుగు సాఫ్ట్‌వేర్ కృషికి ‘స్వేచ్ఛ’ అనే పేరే పెట్టారు. డెబియన్ అనే లైనక్స్ రూపం ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందించడం దాని ఉద్దేశాలలో ఒకటి.

అయినా మన దగ్గరా ఆ అయోమయం తప్పలేదు. దానికి కారణం భాషలో కాక బజారులో ఉంది. 1990లు, 2000 దశకాలలో ఇంటి కంప్యూటర్లు ఎక్కువగా విడిభాగాలతో కూర్చినవి. వాటిలో విండోస్‌ను నకలు సీడీల నుంచి వేయడం మామూలు విషయం. అంటే కొనుగోలుదారు దృష్టిలో విండోస్ కూడా ఉచితమే. రెండూ ఉచితమే అయినప్పుడు లైనక్స్‌కు మిగిలిన ప్రత్యేకత స్వేచ్ఛ ఒక్కటే. ప్రోగ్రామును విప్పి చూడవలసిన అవసరం లేని వాడుకరికి ఆ ప్రత్యేకత కనిపించలేదు. పైగా ఉద్యోగ ప్రకటనలు డీటీపీకి పేజ్‌మేకర్, లెక్కలకు టాలీ అడిగేవి. అవి విండోస్ మీద నడిచేవి. జీవనోపాధి చూసుకునే యువకుడు విండోస్ నేర్చుకోవడం సహజమే.

ఈ అలవాటుకు చట్టపరమైన ప్రమాదం కూడా ఉంది. 1994లో సవరించిన భారత కాపీరైట్ చట్టం ప్రకారం, నకలు అని తెలిసి కూడా కంప్యూటర్ ప్రోగ్రామును వాడడం నేరం. దానికి 7 రోజుల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు. సొంత షాపు పెట్టుకునే విద్యార్థి ఈ సంగతి తెలుసుకోవాలి. ఇక ఉచితమైనదానికి విలువ ఉండదన్న మాటకు ఒక ఉదాహరణ చాలు. లైనక్స్ ఆధారంగా వ్యాపారం చేసే రెడ్ హ్యాట్ సంస్థను ఐబీఎం 2019లో సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

5. ‘అందులో తెలుగు సరిగా రాదు’

ఒకప్పుడు ఈ మాట నిజమే. అప్పట్లో డీటీపీ ఫాంట్లు ఆంగ్ల అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను అమర్చేవి. ఒక కేంద్రంలో టైపు చేసిన శుభలేఖ, ఆ ఫాంటు లేని మరో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఆంగ్ల గుర్తులుగా కనిపించేది. వార్తాపత్రికల వెబ్‌సైట్లు కూడా దేని ఫాంటు దానిదిగా ఉండేవి. అంటే రాసింది తెలుగే అయినా, దానిని చదవగలగడం ఫాంటు చేతిలో ఉండేది.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం దక్కింది. కాని అది వాడుకలోకి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. లైనక్స్‌లో మాత్రం చాలాకాలం గుణింతాలు, ఒత్తులు చెదిరిపోయేవి.

ఈ లోటును పూరించడంలో స్వచ్ఛందంగా పనిచేసినవారి పాత్ర పెద్దది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన 2000, వేమన 2000 ఫాంట్లను రూపొందించి జీపీఎల్ కింద విడుదల చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభానికి కారకుడైన వెన్న నాగార్జున, పాత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని తయారుచేశారు. ఆంగ్ల అక్షరాలతో తెలుగు రాయడానికి వీవెన్ ‘లేఖిని’ని అందించారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో విడుదల చేసిన బాస్ లైనక్స్ తెలుగుతో సహా భారతీయ భాషలలో పనిచేస్తుంది.

2018 ఫిబ్రవరి నాటి సంఘటన ఒకటి ఇక్కడ గమనించదగినది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరాన్ని ఒక ప్రత్యేక రూపంలో పంపితే ఐఫోన్లలోని సందేశాల యాప్‌లు ఆగిపోయేవి. ఆపిల్ కంపెనీ కొద్ది రోజులలోనే దానిని సరిచేసింది. కాని ఆ లోపాన్ని సరిచేసే అధికారం తెలుగు రాయడం, చదవడం తెలిసిన కోట్లమందిలో ఎవరికీ లేదు. సోర్స్ కోడ్ ప్రశ్న మన భాషకూ సంబంధించినదే అనడానికి ఇది నిదర్శనం.

6. ‘దానికి వైరస్ రాదట’

ఇది లైనక్స్‌ను మెచ్చుకునేవారి మాట. 2017 మే నెలలో వన్నాక్రై అనే దాడి ప్రపంచవ్యాప్తంగా విండోస్ కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి. ఆ జిల్లాలలో విశాఖపట్నం కూడా ఉన్నట్లు వార్తలు వచ్చాయి. ఇటువంటి అనుభవాల వల్ల ఈ అభిప్రాయం బలపడింది. 2023లో రక్షణ మంత్రిత్వ శాఖ విండోస్‌కు బదులు ఉబుంటు ఆధారిత ‘మాయా’ వ్యవస్థను ప్రవేశపెడుతున్నట్లు వార్తలు వచ్చినప్పుడూ భద్రతే ప్రధాన కారణంగా వినిపించింది.

అయితే ‘రాదు’ అనడం అతిశయోక్తి. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లోనిదే. రెండేళ్లకు పైగా అది ఎవరి కంటా పడలేదు. కోడ్ తెరిచి ఉంటే ఎవరైనా చూడగలరు. చూసేవారు ఉన్నప్పుడే దానివల్ల ప్రయోజనం.

7. ‘మనవల్ల కాదు’

1990లలో లైనక్స్ వేయడం నిజంగా కష్టం. మోడెమ్, ప్రింటరు పనిచేయించడానికే రోజులు పట్టేవి. 2004లో వచ్చిన ఉబుంటు ఈ స్థితిని చాలావరకు మార్చింది. 2011 వరకు అడిగినవారికి సీడీలను ఉచితంగా తపాలాలో పంపేవారు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు 2000 దశకంలోనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారాయి. అక్కడి పిల్లలకు మొదట పరిచయమయ్యే వ్యవస్థే లైనక్స్. మన ఐటీఐలలోని ‘కోపా’ ట్రేడ్ పాఠ్యక్రమంలో కూడా లైనక్స్ ప్రాథమిక ఆదేశాలు ఉన్నాయి. 2015లో కేంద్ర ప్రభుత్వం తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలనే విధానాన్ని ప్రకటించింది.

అన్నింటికంటే ముఖ్యమైనది ఆండ్రాయిడ్ ఫోన్. దాని మూలం లైనక్స్ కెర్నెలే. ‘మనవల్ల కాదు’ అనే వ్యక్తి జేబులోనే లైనక్స్ పనిచేస్తున్నది. అయితే ఫోన్‌లోని యాప్‌లలో చాలావాటి సోర్స్ కోడ్ మనకు అందదు. అంటే ఓపెన్ సోర్స్ వాడకం పెరిగినంతగా వాడుకరి స్వేచ్ఛ పెరగలేదు.

8. సారాంశం

ఓపెన్ సోర్స్‌పై సామాన్యుల అభిప్రాయాలు అజ్ఞానం వల్ల పుట్టినవి కావు. నకలు సీడీల బజారు, చెదిరిన తెలుగు అక్షరాలు, పనిచేయని మోడెమ్‌లు వంటి నిజమైన అనుభవాల నుంచి అవి ఏర్పడ్డాయి. పరిస్థితులు మారినా మాటలు మిగిలాయి. ఉచితం, స్వేచ్ఛ ఒకటి కావన్న సంగతి వీటన్నిటి వెనుక ఉన్న అసలు విషయం. ధర ఎంత అనే ప్రశ్నతో పాటు, చెడిపోతే ఎవరు బాగుచేయగలరు, నేను రాసిన తెలుగును రేపు ఎవరు తెరవగలరు అనే ప్రశ్నలు కూడా వేసుకుంటే, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలిసి ఎంచుకోగలుగుతాం.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఓపెన్ సోర్స్ ఉద్యమ వికాసాన్ని 1969 నుంచి 1998 వరకు వివరించండి.
2. కంప్యూటర్‌లో తెలుగు వాడుకకు ఓపెన్ సోర్స్ కృషి ఎలా తోడ్పడింది?

II. 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఉచితం, స్వేచ్ఛ అనే భావనల మధ్య భేదాన్ని నకలు సీడీల బజారు ఎలా మరుగుపరచింది?
2. ‘లైనక్స్‌కు వైరస్ రాదు’ అనే అభిప్రాయాన్ని సమీక్షించండి.

III. మీ ప్రాంతంలోని ఒక ఇంటర్నెట్ కేంద్రాన్ని లేదా డీటీపీ కేంద్రాన్ని సందర్శించండి. అక్కడ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు అని అడిగి, వారు చెప్పిన కారణాలను ఈ పాఠంలోని నాలుగు అభిప్రాయాలతో పోల్చి ఒక పుట రాయండి.